ముందు ఎక్కించాలా, ముందు చూడాలా?

మా స్కిల్ ల్యాబ్‌లో కొత్త బ్యాచ్ చేరిన మొదటి వారంలోనే ఒక కేసు ఇస్తాను. నేల మీద మనిషంత బొమ్మ. పక్కన పగిలిన హెల్మెట్, ఒంటి చెప్పు. కుడికాలి ప్యాంటు చింపి, ఎర్ర రంగు పులిమి, ఎముక విరిగి బయటికి వచ్చినట్టు కనిపించే ప్లాస్టిక్ గాయం అతికించి ఉంటుంది. "కాజ టోల్‌గేట్ దాటాక బైక్ యాక్సిడెంట్. పాతికేళ్ల కుర్రాడు. మీరిప్పుడే బండి దిగారు. కానివ్వండి" అంటాను.

దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ జరిగేది ఒకటే. ఇద్దరు పిల్లలు పరుగున వెళ్లి కాలి దగ్గర కూర్చుంటారు. ఒకరు గాజుగుడ్డ ఒత్తి పట్టుకుంటే ఇంకొకరు స్ప్లింట్ పెట్టి కట్టు కడతారు. చూడముచ్చటగా కడతారు, వంక పెట్టడానికి ఉండదు. నాలుగో నిమిషంలో స్టాప్‌వాచ్ ఆపి, బొమ్మ నోరు తెరిచి చూడమంటాను. ఎర్రనీళ్లలో నానబెట్టిన స్పాంజి ముక్క గొంతుకు అడ్డంగా ఉంటుంది. కాలికి కట్టు బాగానే పడింది, కుర్రాడు మాత్రం ఊపిరాడక పోయాడు. పోయిన ఏడాది ఒక అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని, "కాలు అలా కనిపిస్తోంది కదా మేడం, అందుకే అటు వెళ్లిపోయాం" అంది.

ఆ అమ్మాయి చెప్పిందే అసలు సమస్య. మన కన్ను రక్తం ఉన్న చోటికి, అరుపు వినిపించిన చోటికి పోతుంది. ప్రాణం తీసేది చాలాసార్లు ఇంకెక్కడో చప్పుడు లేకుండా ఉంటుంది. పదకొండేళ్లు గుంటూరులో క్యాజువాలిటీ నర్సుగా చేసి, ఇప్పుడు విజయవాడలో ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ చదివే పిల్లలకు పాఠం చెబుతున్నాను. పారామెడిక్ చదువంటే మందుల పేర్లు బట్టీ పట్టడమని బయట చాలామంది అనుకుంటారు. ఆ చదువులో ఎక్కువ భాగం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ మనిషిని ముందుగా చంపేది ఏది? జబ్బు పేరేమిటన్నది తర్వాత ఆసుపత్రిలో డాక్టర్లు తేలుస్తారు.

పేరు దగ్గరే మొదలయ్యే తికమక

మన ఊళ్లలో "మా వాడు పారామెడికల్ చేశాడు" అంటే ల్యాబ్ టెక్నీషియన్ అనో, ఎక్స్‌రే తీస్తాడనో, ఆపరేషన్ థియేటర్‌లో పని చేస్తాడనో అర్థం. అవన్నీ ఆసుపత్రి గోడల లోపలి పనులు. పారామెడిక్ పని గోడల బయట, రోడ్డు మీద, పొలం గట్టు మీద, ఎవరో ఒకరి పడగ్గదిలో. 108 బండిలో వెనక రోగి పక్కన కూర్చునే మనిషిని ఈఎంటీ అంటారు. నడిపే మనిషిని ఆ ఉద్యోగంలో డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. ఈఎంటీల్లోనూ స్థాయిలున్నాయి. బేసిక్ స్థాయి వాళ్లు ఆక్సిజన్ పెట్టడం, రక్తం ఆపడం, గుండె ఆగితే ఛాతీ నొక్కడం, విరిగిన ఎముక కదలకుండా కట్టడం, కాన్పు చేయడం నేర్చుకుంటారు. అడ్వాన్స్‌డ్ స్థాయికి వెళ్తే సెలైన్ లైన్ పెట్టడం, ఈసీజీ తీసి చదవడం, మందులు ఇవ్వడం, ఊపిరి గొట్టంలో ట్యూబు వేయడం వంటివి కలుస్తాయి.

బండ్లకూ తరగతులున్నాయి. ఏఐఎస్-125 అనే జాతీయ ప్రమాణం అంబులెన్సులను నాలుగు రకాలుగా విడదీసింది. మొదటిది ముందుగా చేరుకుని సాయం మొదలుపెట్టే చిన్న వాహనం, రెండోది రోగిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడానికి మాత్రమే పనికొచ్చేది, మూడోది బేసిక్ లైఫ్ సపోర్ట్, నాలుగోది అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్. ఈ ప్రమాణం బండికి సంబంధించింది. బండి వెనక ఎవరు కూర్చున్నారన్నది వేరే ప్రశ్న. నేను క్యాజువాలిటీలో ఉన్న రోజుల్లో ఒక ప్రైవేటు అంబులెన్సులో ఒక పెద్దావిడను తెచ్చారు. బండి మీద పెద్ద అక్షరాలతో "ఐసీయూ ఆన్ వీల్స్" అని రాసుంది. లోపల వెంటిలేటరూ ఉంది. ఆవిడ ముఖానికి మాస్కు ఉంది, సిలిండర్ మీటరు ముల్లు సున్నా దగ్గర ఉంది. వెనక కూర్చున్న కుర్రాడికి ఆ ముల్లు చూడాలని ఎవరూ చెప్పలేదు. ఆ కుర్రాడి మీద నాకు కోపం రాలేదు, అతన్ని అక్కడ కూర్చోబెట్టిన వాళ్ల మీద వచ్చింది. ఇప్పటికీ ఉంది. బండి మాట్లాడుకునేటప్పుడు "వెంటిలేటర్ ఉందా?" అని అడగడంతో ఆపకండి. "వెనక ఎవరుంటారు, ఏం చదివారు?" అని కూడా అడగండి.

2021లో పార్లమెంటు తెచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పారామెడిక్‌ను ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ పేరుతో గుర్తింపు ఉన్న వృత్తుల జాబితాలో చేర్చింది. నర్సుకు, ఫార్మసిస్టుకు ఎప్పటి నుంచో ఉన్న గుర్తింపు వీళ్లకు ఇంత ఆలస్యంగా దక్కింది.

మోసుకెళ్లే బండి, వైద్యం చేసే బండి అయిన తీరు

1960ల దాకా అమెరికాలో చాలా ఊళ్లలో రోగిని ఆసుపత్రికి చేర్చింది పోలీసు వ్యాన్లు, శవాలను మోసే బండ్లు. పిట్స్‌బర్గ్‌లో పీటర్ సఫార్ అనే మత్తు డాక్టరు ఉండేవారు. నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదే పద్ధతిని శాస్త్రీయంగా నిలబెట్టిన వాళ్లలో ఆయనొకరు. 1966లో ఆయన చిన్న కూతురు ఆస్తమా ఎక్కువై చనిపోయింది. మరుసటి ఏడాది, 1967లో, ఆయన చేయూతతో ఆ ఊళ్లోని హిల్ డిస్ట్రిక్ట్ అనే పేద నల్లజాతి వాడ కుర్రాళ్లతో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీస్ మొదలైంది. వాళ్లలో చాలామందికి అంతకుముందు ఉద్యోగమే లేదు. ఉద్యోగానికి పనికిరారని ఊరు పక్కన పెట్టిన వాళ్లు శిక్షణ తీసుకుని, ఆ రోజుల్లో ఎక్కడా లేనంత మంచి వైద్యం వీధిలోనే అందించారు. తర్వాత వాళ్లకు చదువు చెప్పిన డాక్టర్ నాన్సీ కరోలిన్ తయారుచేసిన పాఠ్యక్రమమే ఆ దేశానికంతటికీ పారామెడిక్ చదువుకు పునాది అయింది. ఫ్రీడమ్ హౌస్‌కు కాస్త ముందే, 1966లో, ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే గుండె డాక్టరు షాకిచ్చే యంత్రాన్ని బండిలో పెట్టి రోగి ఇంటికే పంపారు.

మన దగ్గర 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. జీవశాస్త్రాల్లో డిగ్రీ చేసిన పిల్లల్ని తీసుకుని, కొన్ని వారాల శిక్షణ ఇచ్చి బండెక్కించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం సహకారంతో 2007లో హైదరాబాద్‌లో రెండేళ్ల పారామెడిక్ కోర్సు కూడా మొదలైంది. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో 1,088 వాహనాలు, 108, 104 కలిపి, బారులు తీరి బయల్దేరిన దృశ్యం ఊళ్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాటిలో పసిబిడ్డల కోసం ప్రత్యేకంగా అమర్చిన బండ్లూ ఉన్నాయి. బండ్లు ఒక్కరోజులో రోడ్డెక్కాయి. మనుషులు తయారు కావడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.

చూపుకు ఒక వరస

ఇప్పుడు మళ్లీ నేల మీది బొమ్మ దగ్గరికి వద్దాం. బండి దిగిన ఈఎంటీ ముందు చూడాల్సింది రోగిని కాదు, చుట్టుపక్కలని. కరెంటు తీగ తెగి పడిందా, లారీలోంచి డీజిల్ కారుతోందా, వెనక నుంచి వచ్చే వాహనాలు ఆగుతున్నాయా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు బండి వెళ్లలేని వీధుల్లోంచి జనాన్ని పడవల మీద, ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు. అలాంటి చోట నీళ్లలోకి దిగేముందు కరెంటు ఆపారో లేదో అడగని ఈఎంటీ రెండో రోగి అవుతాడు. ఈ పాఠం పిల్లలకు చాలా విసుగు. పరీక్షలో పైకే చెప్పాలి కాబట్టి "సీన్ సేఫ్" అని గబగబా అనేసి ముందుకెళ్తారు. తల తిప్పి చూడకుండా ఆ మాట అంటే నేను మార్కు వేయను.

తర్వాత గుమ్మం దగ్గర నిలబడి పది సెకన్ల చూపు. మనిషి కూర్చున్నాడా, పడిపోయాడా? రంగెలా ఉంది? ఊపిరి కోసం మెడ కండరాలు లాగుతున్నాయా? పలకరిస్తే పలుకుతున్నాడా, గట్టిగా గిల్లితే తప్ప కదలడం లేదా, అప్పటికీ కదలడం లేదా? ఆ తర్వాత వరస తప్పకూడదు. ధారగా పోతున్న రక్తముంటే ముందు దాన్ని ఆపాలి. తర్వాత ఊపిరి దారి, తర్వాత ఊపిరి, తర్వాత నాడి, ఒళ్లు చల్లబడి చెమట పట్టిందేమో, తర్వాత స్పృహ, కంటిపాపలు, షుగర్. చివరగా బట్టలు తొలగించి ఒళ్లంతా చూడటం. ఏ మెట్టు దగ్గర తేడా కనిపిస్తే అక్కడే ఆగి, దాన్ని సరిచేసి, అప్పుడే తర్వాతి మెట్టు. ఊపిరి దారి మూసుకుపోయిన మనిషికి బీపీ కొలుస్తూ కూర్చోవడంలో అర్థం లేదు.

ఈ వరస ఎందుకంటే, ఊపిరి దారి మూసుకుపోతే నిమిషాల్లో మనిషి పోతాడు. లోపల రక్తం కారుతుంటే పదుల నిమిషాలు పట్టొచ్చు. కాలు విరిగితే గంటలు ఆగొచ్చు. తొందరగా చంపేదాన్ని ముందు పట్టుకోవాలన్న లెక్క తప్ప ఇందులో మర్మమేమీ లేదు.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యే కొలత ఊపిరి లెక్క. యంత్రం చూపించదు కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు. క్యాజువాలిటీలో నా చేతికొచ్చిన కేస్ షీట్లలో వరసగా పదింటిలో "నిమిషానికి 18" అని ఉండేది. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు కాబట్టి, 18 అని రాస్తే ఎవరూ అడగరు. అయితే ఒంట్లో ఏదో పెద్ద తేడా వస్తోందని మొదట చెప్పేది తరచూ ఊపిరే. బీపీ చాలాసేపు నిలబడుతుంది, ముఖ్యంగా కుర్రాళ్లలో, ఆఖర్లో ఒక్కసారిగా పడిపోతుంది. ఊపిరి మాత్రం ముందు నుంచే వేగం పెంచుతుంది. ఛాతీ మీద కళ్లుంచి అర నిమిషం లెక్కపెట్టి రెండుతో గుణిస్తే సరి. ఎగుడుదిగుడుగా ఉంటే నిమిషమంతా లెక్కపెట్టాలి. ఆ నిమిషం ఆగడానికి చుట్టూ ఉన్న జనం ఒప్పుకోరు, అదీ కష్టం.

"ఇక్కడేం చేస్తారు, ముందు ఎక్కించండి బాబూ!"

ఏ వీధికి వెళ్లినా ఈఎంటీ చెవిన పడే మొదటి మాట ఇది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఇంట్లో మనిషి పడిపోతే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు, బండి కదిలితే సగం గండం గడిచినట్టు అనిపిస్తుంది. కొన్ని కేసుల్లో వాళ్లే కరెక్ట్. కొన్నిటిలో అలా ఎక్కిస్తే మనిషి దారిలోనే పోతాడు. ఏది ఏ రకమో విడదీయడమే ఈ చదువులో అన్నిటికంటే చిక్కైన భాగం.

పొట్టకు బలంగా దెబ్బ తగిలి లోపల రక్తం కారుతోందనుకోండి. దాన్ని ఆపగలిగింది ఆపరేషన్ థియేటర్ ఒక్కటే. రోడ్డు పక్కన సెలైన్ పెట్టడానికి నరం వెతుకుతూ గడిపే ప్రతి నిమిషం నష్టమే. బయటికి పోయే రక్తం ఆపి, ఊపిరి దారి చూసి, మెడ కదలకుండా చేసి, ఎక్కించి, మిగతాదంతా నడిచే బండిలో చేయాలి. బాల్టిమోర్ సర్జన్ ఆడమ్స్ కౌలీ ప్రచారంలోకి తెచ్చిన "గోల్డెన్ అవర్", అంటే దెబ్బ తగిలాక మొదటి గంట, అన్న మాట ఇక్కడిదే. మన మోటారు వాహనాల చట్టంలోనూ 2019 సవరణతో ఆ మాటకు నిర్వచనం చేరింది. అరవయ్యో నిమిషం దగ్గర గీత గీసి ఉండదు, కొందరికి పది నిమిషాలే ఉంటాయి. తొందర ఎవరికి కావాలో గుర్తుపట్టడం ఆ మాటలోని సారం.

గుండె ఆగిపోయిన మనిషి సంగతి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ కదలకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా, 6 దాటకుండా, ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానిస్తూ నొక్కాలి. ఎగిరెగిరి పడే బండిలో ఆ లోతు, ఆ లయ నిలబడవు. ఎవరూ నొక్కకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. అందుకే పడిన చోటే మొదలుపెట్టి, షాకిచ్చే యంత్రం అక్కడికే తెప్పించుకోవాలి. చూసేవాళ్లకు ఇది "తీసుకెళ్లకుండా ఇక్కడే ఏదో చేస్తున్నారు" అనిపిస్తుంది. కొట్టడానికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే మేం పిల్లలకు నొక్కుతూనే గట్టిగా మాట్లాడటం నేర్పిస్తాం: "అన్నా, గుండె ఆగింది. నేను ఆపితే రక్తం ఆడదు. అది మళ్లీ కొట్టుకునేలా ఇక్కడే చేయాలి. మీరు ఆ మంచం పక్కకు జరపండి." చేతికి ఒక పని ఇస్తే మనిషి కాస్త స్థిమితపడతాడు.

గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు. గుండెపోటులో మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. "గ్యాస్ పట్టింది, సోడా తాగితే పోతుంది" అంటాడు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో ఛాతీ నొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, చెమటలు, నీరసం మాత్రమే ఉండొచ్చు. ఇక్కడ ఈఎంటీ చేయాల్సినవి కొద్దే: ఆస్పిరిన్ పడకపోవడం, రక్తస్రావం వంటివేమీ లేవని అడిగి తెలుసుకుని ఆ మాత్ర నమిలించడం, ఈసీజీ ఉంటే తీసి డాక్టరుకు పంపడం, మూసుకున్న రక్తనాళం తెరవగల ఆసుపత్రికే తీసుకెళ్లడం. దగ్గర్లో ఉందని ఏదో ఒక ఆసుపత్రిలో దించితే, అక్కడి నుంచి మళ్లీ బండి ఎక్కించేసరికి గుండె కండరం పోతూనే ఉంటుంది. ఇంకోటి, రోగిని నడిపించకూడదు. విజయవాడలో ఇది మాటల్లో తేలికే. చిట్టినగర్ వైపో, వించిపేట వైపో కొండ మీది ఇళ్లకు మెట్లు తప్ప దారి లేదు. స్ట్రెచర్ మలుపు తిరగదు. "పర్లేదమ్మా, దిగొస్తాను" అని ఆయనే లేస్తాడు. ఆ మెట్లు దిగే శ్రమే అప్పటికే ఆకలితో ఉన్న గుండెను ఆపేయొచ్చు. అందుకే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటితో కట్టి, ముందొకరు వెనకొకరు దించడం ప్రాక్టీసు చేయిస్తాం. మా ల్యాబు ఉన్న భవనానికి మూడంతస్తుల మెట్లు ఉండటం ఆ రోజు బాగా పనికొస్తుంది.

పక్షవాతంలో మళ్లీ పరుగే. నోరు వంకరపోయిందా, రెండు చేతులూ చాపితే ఒకటి కిందికి వాలుతోందా, మాట తడబడుతోందా? ఈ మూడూ అర నిమిషంలో తేలిపోతాయి. అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇంకొకటుంది: "ఆఖరిసారి ఎప్పుడు మామూలుగా ఉండటం చూశారు?" మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది. పొద్దున లేచేసరికి అలా ఉన్నారంటే, లెక్క లేచిన టైము నుంచి కాదు, రాత్రి పడుకున్న టైము నుంచి. బండెక్కేముందు షుగర్ చూడటం మరిచిపోకూడదు. షుగర్ బాగా పడిపోయిన మనిషి అచ్చం పక్షవాతం వచ్చినట్టే ఉండొచ్చు. నరంలోకి డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర ద్రవం ఎక్కించగానే లేచి కూర్చుని "ఇంతమంది ఎందుకొచ్చారు?" అని అడిగిన తాతగారిని చూశాను. వేలికి ఒక్క సూది గుచ్చితే తేలే విషయం అది.

ఇక మన పొలాల సంగతి. ఇది ఏ విదేశీ పుస్తకంలోనూ మనకు కావలసినంత వివరంగా దొరకదు. సెప్టెంబరు ఉక్కలో పత్తి చేలో మందు కొడుతూ ఒకాయన పడిపోయాడు. "వడదెబ్బ అండీ" అంటారు చుట్టుపక్కల వాళ్లు. వడదెబ్బేనా? ఒళ్లు కాలిపోతూ, మాట తికమకగా ఉంటూ, నాడి వేగంగా కొడుతుంటే వడదెబ్బే కావచ్చు. అలాగైతే ముందు చల్లబరచాలి, తర్వాతే ప్రయాణం. బోరు కింద పడుకోబెట్టినా, తడిగుడ్డలు కప్పి విసిరినా సరే, ఒంటి వేడి 40 డిగ్రీల పైన ఎంతసేపుంటే లోపలి అవయవాలు అంత దెబ్బతింటాయి. అలాకాక నోట్లోంచి చొంగ, కళ్లలో నీళ్లు, ఒళ్లంతా చెమట, ఛాతీలో గురగుర, కంటిపాప గుండుసూది మొనంత, నాడి నెమ్మది, బట్టల్లోంచి వెల్లుల్లి లాంటి వాసన ఉంటే అది పురుగుమందు విషం. అప్పుడు తన చేతులకు గ్లౌజులు వేసుకుని, బట్టలు విప్పించి, ఒళ్లు సబ్బుతో కడగాలి. బట్టలు విప్పకుండా ఎక్కిస్తే విషం చర్మంలోంచి ఎక్కుతూనే ఉంటుంది, తలుపులు మూసిన బండిలో ఈఎంటీకి కూడా తల తిరుగుతుంది. నోట్లోని చొంగ పీల్చే యంత్రంతో (సక్షన్) తీస్తూ ఆక్సిజన్ ఇవ్వాలి. డాక్టరు ఆదేశిస్తే అట్రోపిన్ అనే విరుగుడు మందు. కంటిపాప పెద్దదైంది కదా అని మందు ఆపేయడం పాత పొరపాటు. చూడాల్సింది ఛాతీని, స్టెత్ పెడితే గురగుర తగ్గిందా లేదా అని.

రాత్రి నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, కళ్లు మూతలు పడటం. ఒంటి మీద గాటు కనిపించదు. నొప్పి లేకుండా కరిచి పోయే కట్లపామును అనుమానించకపోతే "అజీర్తి" అని వదిలేస్తారు. ఆ విషం కండరాలను చచ్చుబడేస్తుంది, చివరికి ఊపిరి తీసే కండరాన్ని కూడా. మనిషి కదలడు, కళ్లు తెరవడు, కానీ లోపల అన్నీ వినిపిస్తూ ఉండొచ్చు. విరుగుడు మందు ఆసుపత్రిలో ఎక్కిస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపొడ పాము, ఈ నాలుగింటికీ ఒకటే మందు, కాబట్టి పామును వెతికి చంపి తెచ్చే పని లేదు. దారిలో ఈఎంటీ చేయగలిగిన అతి పెద్ద సాయం ఊపిరి తగ్గిన క్షణం నుంచి అంబూ బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, నొక్కడం. దివిసీమ పల్లెల నుంచి విజయవాడ దాకా గంటకు పైగా, చెయ్యి మార్చుకుంటూ నొక్కాలి. బిగుతుగా తాడు కట్టడం, గాటు కోయడం, నోటితో పీల్చడం వద్దని ఊళ్లో వాళ్లకు చెప్పేదీ ఆ ఈఎంటీయే.

బస్సు ప్రమాదం లాంటివి జరిగి పాతికమంది ఒకేసారి పడి ఉంటే పైన చెప్పిన నియమాలన్నీ మారిపోతాయి. మొదట చేరిన ఈఎంటీ ఏ ఒక్కరి దగ్గరా కూర్చోకూడదు. ఎంతమంది, ఎలాంటి దెబ్బలు, ఎన్ని బండ్లు కావాలన్నది ముందు కంట్రోల్ రూమ్‌కు చెప్పాలి. తర్వాత "నడవగలిగిన వాళ్లంతా ఆ చెట్టు కిందికి రండి" అని అరవాలి. వచ్చిన వాళ్లకు ఆకుపచ్చ ట్యాగు, వాళ్లు కాస్త ఆగగలరు. రాలేని వాళ్లలో ఊపిరి 30 దాటినవాళ్లు, నాడి అందనివాళ్లు, చెప్పిన మాట చేయలేనివాళ్లు ఎరుపు, అంటే ముందు వీళ్లనే చూడాలి. అరుస్తున్న మనిషికి కనీసం ఊపిరి దారి తెరిచే ఉంది. మాట్లాడకుండా పడి ఉన్న మనిషి దగ్గరికి ముందు పోవాలి.

ఫోన్‌లో డాక్టరు

ఈఎంటీ సొంతంగా ఎంతవరకు చేయొచ్చు? కొన్ని పనులకు ముందే రాసిపెట్టిన నియమాలుంటాయి, ఎవరినీ అడగక్కర్లేదు. మందులు, క్లిష్టమైన నిర్ణయాలు వచ్చినప్పుడు 108 కంట్రోల్ రూమ్‌లో ఉండే, ఈఆర్‌సీపీ అని పిలిచే డాక్టరుకు ఫోన్ చేస్తారు. ఆ డాక్టరు రోగిని చూడరు, ఈఎంటీ మాటల ద్వారానే చూస్తారు. "సార్, పేషెంట్ సీరియస్‌గా ఉన్నారు" అంటే ఆయన చేయగలిగిందేమీ లేదు. "55 ఏళ్ల మగమనిషి, గంట నుంచి ఛాతీ బరువు, ఎడమ చేతికి లాగుతోంది, చెమటలు, నాడి 54, బీపీ 90కి 60" అంటే ఆ గదిలో కూర్చున్న డాక్టరు కళ్లకు మనిషి కనిపిస్తాడు. ఆసుపత్రిలో అప్పగించేటప్పుడూ అంతే. క్యాజువాలిటీలో నర్సు చెవి మహా అయితే నిమిషం దొరుకుతుంది. వయసు, టైము, ఏం జరిగింది, ఏం చూశాను, ఏం చేశాను. ఇది మేం పక్కన ఫోన్‌లో సైరన్ మోగిస్తూ ప్రాక్టీసు చేయిస్తాం.

చెయ్యి నేర్చుకునేది ఎలా

ల్యాబులో ఛాతీ నొక్కించుకునే బొమ్మకు ఒక కథ ఉంది. నార్వేలో ఆస్మండ్ లేర్డాల్ అనే ఆట బొమ్మల తయారీదారు 1960లో మొదటి బొమ్మ చేశాడు. ముఖం మాత్రం పారిస్‌లో సీన్ నదిలో దొరికిన, పేరు తెలియని అమ్మాయి ముఖమని చెప్పుకునే అచ్చు నుంచి తీసుకున్నాడు. ప్రపంచంలో లక్షలమంది ఆ అమ్మాయికి ఊపిరి పోస్తూ నేర్చుకున్నారు. నేనూ అలాగే నేర్చుకున్నాను.

బొమ్మ దగ్గర నేర్చుకున్నది మొదటి మెట్టే. తర్వాత ఆసుపత్రి పోస్టింగు: క్యాజువాలిటీ, లేబర్ రూమ్, ఆపరేషన్ థియేటర్. తర్వాత సీనియర్ ఈఎంటీ పక్కన బండిలో. లేబర్ రూమ్ పోస్టింగు అంటే మగపిల్లలు తప్పించుకోవాలని చూస్తారు, వాళ్లనే ముందు పంపుతాను. పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోనే తుడిచి, వీపు రుద్ది, అప్పటికీ ఊపిరి తీయకపోతే చిన్న బ్యాగుతో ఊపిరి అందించాలి. ఆ నిమిషం బొమ్మ మీద నేర్చుకున్నా, గది వేడి, తల్లి అరుపు, చేతికి జారే బిడ్డ, ఇవన్నీ ఒక్కసారైనా చూడకుండా రాదు.

నేర్చుకున్నది నిలవదు కూడా. అరుదుగా చేసే పనులు కొన్ని నెలల్లోనే చెయ్యి మరిచిపోతుంది. ఏడాదికొకసారి సర్టిఫికెట్ కోసం పెట్టే రెండు రోజుల క్లాసు కంటే, నెలకు పావుగంట బొమ్మ మీద నొక్కడం ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం. డ్యూటీ మారేచోట ఒక బొమ్మ పడేసి ఉంచితే చాలు.

వీటన్నిటికంటే పెద్ద లోటు ఇంకొకటుంది. ఈఎంటీకి తను దించిన మనిషి ఏమయ్యాడో తెలియదు. అది గుండెపోటేనా, పక్షవాతమేనా, తను మెడకు పెట్టిన కాలర్ పనికొచ్చిందా? డాక్టరుకు వార్డులో తెలుస్తుంది, నర్సుకు తెలుస్తుంది. ఈఎంటీ మాత్రం స్ట్రెచర్ తుడుచుకుని తర్వాతి కాల్‌కు వెళ్లిపోతాడు. సరిగా ఊహించాడో లేదో ఎప్పటికీ తెలియని మనిషి పదేళ్లు పని చేసినా మొదటి ఏడాదే పదిసార్లు చేసినట్టు అవుతుంది. వారానికొక గంట, క్యాజువాలిటీ డాక్టరు, ఆ వారం కేసులు తెచ్చిన ఈఎంటీలు ఒక టేబుల్ చుట్టూ కూర్చుంటే ఇది తీరుతుంది. ఖర్చేమీ లేదు, టీ తప్ప. నేను అడగని పెద్దలు లేరు. ఇంకా అడుగుతూనే ఉన్నాను.

పోయిన నెల మా పాత స్టూడెంట్ ఒకడు తన కేస్ షీటు నకలు, పేరు, ఊరు కొట్టేసి, నాకు చూపించడానికి తెచ్చాడు. అరవై దాటిన మనిషి, రెండు రోజులుగా జ్వరం, "కాస్త నీరసం, అంతే" అన్నారట ఇంట్లో వాళ్లు. బీపీ బాగానే ఉంది. ఆక్సిజన్ 95. యంత్రాలు చెప్పినవన్నీ పర్లేదన్నట్టే ఉన్నాయి. ఊపిరి గడిలో మాత్రం 34 అని ఉంది, పక్కన చిన్న అక్షరాలతో "నిమిషం మొత్తం లెక్కపెట్టాను". ఆ అంకె చూసే ఇంటి పక్క క్లినిక్‌కు కాకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడట. "తర్వాత ఏమైందో తెలుసా మేడం?" అని అడిగాడు. నాకు తెలియదు. తెలుసుకుందామని ఇద్దరం కలిసి ఆ వార్డుకు నడిచాం.